జన్యు సవరణ: సమాజంలో బాధ్యత, సమన్యాయం

జీవకణంలోని డీఎన్‌ఏలో ఎంచుకున్న ఒక చోట కోత పెట్టి, అక్కడి క్షారాల వరుసను తొలగించడాన్ని, మార్చడాన్ని, లేదా అక్కడ కొత్త వరుసను చేర్చడాన్ని జన్యు సవరణ అంటారు. జీనోమ్ ఎడిటింగ్ అన్న పేరూ వాడుకలో ఉంది. పాత జన్యుమార్పిడి పద్ధతిలో ఒక జీవి జన్యువును మరో జీవిలోకి పంపేవారు. అది జీనోమ్‌లో ఎక్కడ కుదురుకుంటుందో ముందుగా తెలిసేది కాదు. జన్యు సవరణలో చోటు ముందే ఖాయం. చాలా సందర్భాల్లో వేరే జీవి జన్యువు మిగలదు కూడా. వైద్యంలో, వ్యవసాయంలో, దోమల వంటి వాహక కీటకాల నియంత్రణలో దీన్ని వాడుతున్నారు, లేదా వాడాలని చూస్తున్నారు.

దీని ఫలితం ఎవరికి అందుతుంది, ప్రమాదం వస్తే ఎవరి మీద పడుతుంది, ఎంతవరకు వెళ్లవచ్చో ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నలకు ఈ వ్యాసం పరిమితం. శాస్త్రీయ వివరాలకు చూ. క్రిస్పర్, డీఎన్‌ఏ మరమ్మతు.

చరిత్ర

1987లో ఒసాకా విశ్వవిద్యాలయంలో యోషిజుమి ఇషినో బృందం ఈ.కోలై బ్యాక్టీరియాలోని ఒక జన్యువును పరిశీలిస్తుండగా, దాని పక్కనే ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం కనిపించింది. దాని పనేమిటో అప్పటికి తెలియలేదు. ఆ వరుసల మధ్య ఇరుక్కుని ఉన్న ముక్కల్లో కొన్ని వైరస్‌లవని 2005లో స్పెయిన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో మొహికా చూపారు. ఇది బ్యాక్టీరియా తనపై దాడి చేసిన వైరస్‌లను గుర్తుపెట్టుకునే ఏర్పాటని 2007లో డానిస్కో కంపెనీ పరిశోధకులు రుజువు చేశారు. పెరుగు, చీజ్ తయారీలో వాడే బ్యాక్టీరియాకు వైరస్ బెడద తప్పించడం వారి అసలు అవసరం.

2012లో ఎమ్మాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నా బృందాలు కలిసి క్రిస్పర్ అనే ఆ ఏర్పాటును పరిశోధనశాలలో వాడుకోదగిన పనిముట్టుగా మలిచాయి. ఆ ఏడాదే లిథువేనియాకు చెందిన వర్జీనియస్ షిక్ష్నిస్ కూడా దాదాపు ఇదే ఫలితాన్ని ప్రకటించారు. 2013లో ఫెంగ్ ఝాంగ్, జార్జ్ చర్చ్ బృందాలు మనిషి కణాల్లో దీన్ని పనిచేయించాయి. 2020 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి షార్పెంటియె, డౌడ్నాలకు దక్కింది.

అంతకు ముందూ జన్యు సవరణ ఉంది. జింక్ ఫింగర్ న్యూక్లియేజ్‌లు 1990ల నాటివి. టాలెన్‌లు 2010 ప్రాంతంలో వచ్చాయి. వాటిలో ప్రతి కొత్త లక్ష్యానికీ ఒక కొత్త ప్రోటీన్‌ను తయారుచేసుకోవాలి. క్రిస్పర్‌లో ప్రోటీన్ మారదు, దారి చూపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను మార్చుకుంటే సరిపోతుంది. దాంతో కొన్ని పెద్ద ప్రయోగశాలలకే సాధ్యమైన పని మామూలు విశ్వవిద్యాలయ విభాగాల చేతికి వచ్చింది. నియంత్రణ గురించిన ఆందోళన ఒక్కసారిగా పెరగడానికి ప్రధాన కారణం ఇదే.

శాస్త్రవేత్తలు తమకు తామే హద్దు గీసుకోవడం ఈ రంగంలో కొత్త కాదు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై, అప్పుడే మొదలైన డీఎన్‌ఏ సంధాన ప్రయోగాలకు జాగ్రత్త నియమాలు రాసుకున్నారు. అయితే అక్కడ చర్చ భద్రత దాటి పెద్దగా వెళ్లలేదనీ, హాజరైనవారిలో అత్యధికులు శాస్త్రవేత్తలేననీ తరువాతి కాలంలో విమర్శ వచ్చింది. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు జన్యుచికిత్స పరీక్షలో 18 ఏళ్ల యువకుడు మరణించడంతో, పరీక్షలో పాల్గొనేవారికి చెప్పవలసినవి చెప్పారా, పరిశోధకులకు ఆర్థిక ప్రయోజనాలున్నాయా అన్న విచారణ తప్పనిసరైంది.

పనితీరు, రకాలు

క్రిస్పర్‌లో దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ తనకు సరిపోలే డీఎన్‌ఏ వరుసను వెతుకుతుంది. కాస్9 ఎంజైమ్ అక్కడ రెండు పోగులనూ కోస్తుంది. కణం ఆ కోతను అతికించుకునేటప్పుడు ఒకటి రెండు క్షారాలు పోవచ్చు, చేరవచ్చు. అలా జన్యువు పనిచేయకుండా పోతుంది. నమూనా వరుసను కూడా అందిస్తే కణం దాన్ని చూసి దిద్దుకునే అవకాశం ఉంది. డేవిడ్ లియు బృందం 2016లో బేస్ ఎడిటింగ్‌ను, 2019లో ప్రైమ్ ఎడిటింగ్‌ను రూపొందించింది. వీటిలో రెండు పోగులనూ కోయకుండానే క్షారాన్ని మార్చవచ్చు. అనుకోని చోట కోతపడడం, పెద్ద ముక్క ఊడిపోవడం, కొన్ని కణాల్లోనే సవరణ జరిగి మిగిలినవి పాతగానే ఉండిపోవడం ముఖ్యమైన సాంకేతిక ప్రమాదాలు.

నైతిక, చట్ట చర్చల్లో అన్నిటికన్నా ముఖ్యమైన విభజన దేహకణ సవరణకూ వంశపారంపర్య సవరణకూ మధ్య ఉంది. మొదటిది రక్తం, కాలేయం వంటి కణజాలాలకు పరిమితమై ఆ మనిషితోనే ముగుస్తుంది. రెండోది అండం, శుక్రకణం, తొలిదశ పిండాల్లో చేసేది, తరతరాలకూ సంక్రమిస్తుంది.

సికిల్ సెల్ చికిత్స (చూ. కొడవలి కణ రక్తహీనత, హీమోగ్లోబిన్)

సమన్యాయపు ప్రశ్న ఎక్కడికన్నా స్పష్టంగా కనిపించేది సికిల్ సెల్ వ్యాధి దగ్గరే. బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ రావడం దీని మూలం. దాని వల్ల ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. భరించలేని నొప్పి, ఇన్‌ఫెక్షన్లు, పక్షవాతం, అవయవాల దెబ్బ వరకు వెళుతుంది. అణుస్థాయిలో కారణం తెలిసిన తొలి వ్యాధి ఇదే: 1949లో లైనస్ పాలింగ్ బృందం హీమోగ్లోబిన్‌లో తేడాను పట్టుకుంది. అంత ముందుగా కారణం తెలిసినా మందుల విషయంలో వెనకబడడానికి, బాధితులు ఎక్కువగా నల్లజాతివారు, పేదదేశాలవారు కావడమే కారణమని వైద్యచరిత్రకారులు చాలామంది అంటారు. 2021లో ప్రపంచంలో ఈ వ్యాధితో పుట్టిన పిల్లలు 5 లక్షలకు పైగా ఉంటారని అంచనా. వారిలో నాలుగింట మూడు వంతులకు మించి సహారా దిగువ ఆఫ్రికాలోనే పుట్టారు.

2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా క్యాస్‌జెవి అనే చికిత్సను అనుమతించాయి. క్రిస్పర్ ఆధారంగా అనుమతి పొందిన తొలి చికిత్స అది. రోగి రక్తమూలకణాలను సేకరించి, బీసీఎల్11ఏ జన్యువు రక్తకణాల్లో పనిచేయడానికి అవసరమైన భాగాన్ని కోస్తారు. ఆ జన్యువు నెమ్మదిస్తే, పుట్టిన కొన్ని నెలలకు ఆగిపోయిన శిశు హీమోగ్లోబిన్ తయారీ మళ్లీ మొదలవుతుంది. అమెరికా అనుమతికి ఆధారమైన పరీక్షలో 31 మందిలో 29 మందికి కనీసం వరుసగా 12 నెలలు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. భారతీయ రోగులలో చాలామందికి శిశు హీమోగ్లోబిన్ సహజంగానే కొంత ఎక్కువ. వారిలో కొందరికి వ్యాధి తీవ్రత తక్కువగా ఉండడానికి దీన్నే కారణంగా చెబుతారు. అంటే చికిత్స తెచ్చే మార్పు కొంత మోతాదులో ప్రకృతిలో ముందే ఉంది.

ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, అంటే దాదాపు 18 కోట్ల రూపాయలు. ఖర్చు మందుతోనే అయిపోదు. సవరించిన కణాలను తిరిగి ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే కీమోథెరపీ మందుతో పాత మజ్జను ఖాళీ చేయాలి. దాని వల్ల సంతానశక్తి పోయే ప్రమాదం ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, మజ్జ మార్పిడి సౌకర్యమున్న కేంద్రం కావాలి. వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అలాంటి కేంద్రాలు లేకపోవడం ధరకన్నా పెద్ద అడ్డంకి కావచ్చు. ధర తగ్గినా ఆ సౌకర్యం దానంతట అదే రాదు.

భారతదేశంలో ఈ వ్యాధిని 1952లో నీలగిరి ఆదివాసుల్లో తొలిసారి గుర్తించారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసుల్లో ఈ జన్యువు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి రోగులకు రక్తమార్పిడి సేవలు అందిస్తోంది.

ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్-ఐజీఐబీ సంస్థలో దేబజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతీ బృందం ఫ్రాన్సిసెల్లా బ్యాక్టీరియా నుంచి తీసిన కాస్9పై పనిచేసింది. కోవిడ్ కాలపు ‘ఫెలూదా’ పరీక్ష ఈ బృందం తెచ్చిందే. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా పేరుతో, ఈ సంస్థ రూపొందించిన ‘బిర్సా 101’ అనే స్వదేశీ క్రిస్పర్ సికిల్ సెల్ చికిత్సను ప్రకటించింది. తయారీ పరిజ్ఞానాన్ని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. దేశీయ తయారీ ధరను తగ్గిస్తుందన్న నమ్మకానికి ఒక ఆధారం ఉంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి అభివృద్ధి చేసిన కార్-టి క్యాన్సర్ చికిత్స నెక్స్‌కార్19కు 2023లో అనుమతి వచ్చింది. దాని ధర విదేశీ చికిత్సల ధరలో సుమారు పదో వంతు. అది జన్యు సవరణ కాకపోయినా, కణాలను బయటకు తీసి మార్చి తిరిగి ఎక్కించే పద్ధతి రెంటికీ ఒకటే.

క్యాస్‌జెవి ధరలో పదో వంతు కూడా కోటి రూపాయలకు పైనే ఉంటుంది. అందువల్ల ప్రజారోగ్య నిపుణులు మరో లెక్క ముందుకు తెస్తారు. హైడ్రాక్సీయూరియా చవకైన మాత్ర. అదీ శిశు హీమోగ్లోబిన్‌నే పెంచుతుంది, నొప్పి దాడులను తగ్గిస్తుంది. పుట్టగానే పరీక్ష చేయడం, పసిపిల్లలకు పెన్సిలిన్, టీకాలు వేయడం మరణాలను తగ్గిస్తాయి. ఆ మాత్ర గూడేలకు క్రమం తప్పకుండా అందడమే కష్టంగా ఉన్నచోట జన్యు సవరణకు పెట్టే ప్రతి రూపాయికీ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని వారి వాదన. మాత్ర జీవితాంతం వేసుకోవాలి, అందరిలోనూ ఒకేలా పనిచేయదు, ఒకేసారి ముగిసే చికిత్స అన్న ఆశను పేదలకు మాత్రమే ఎందుకు నిరాకరించాలన్నది ఎదుటివారి వాదన. ఈ రెండు వాదనలూ ఒకే రోగి తరఫున వినిపించేవే.

జన్యు సమాచారంలో వెలితి (చూ. జీనోమ్ ఇండియా)

ప్రపంచంలోని జన్యు సమాచార నిధుల్లో అత్యధిక భాగం ఐరోపా మూలాలవారిది. దీని ప్రభావం భద్రత మీదే పడుతుంది. గైడ్ ఆర్‌ఎన్‌ఏ పొరపాటున ఎక్కడ కోయగలదో ఒక నమూనా జీనోమ్‌తో పోల్చి అంచనా వేస్తారు. కొన్ని జనసమూహాల్లో మాత్రమే ఉండే ఒక్క క్షారం తేడా కొత్త పొరపాటు కోతకు చోటివ్వగలదు. 2023లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం బీసీఎల్11ఏని లక్ష్యం చేసుకున్న గైడ్ విషయంలోనే అలాంటి తేడాను చూపింది. అది ఆఫ్రికన్ మూలాలవారిలో తరచు కనిపిస్తుంది. అంటే ఆ చికిత్స ఎవరి కోసమో వారిలోనే ఆ ప్రమాదం ఉంది. దాని వల్ల రోగులకు హాని జరిగిందని అర్థం కాదు. పరీక్ష ఎవరి జీనోమ్‌పై చేయాలన్నది మాత్రం తేలింది.

భారత్‌లో ఈ లోటు తీర్చడానికి జీనోమ్ ఇండియా పథకం చేపట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అందులో ముఖ్య భాగస్వామి. 10 వేల మంది జీనోమ్ వరుసలను నిర్ధారించి, 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని భారత జీవసమాచార కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. తమలోపలే పెళ్లిళ్లు చేసుకునే సమూహాలు వేల సంఖ్యలో ఉన్న దేశానికి ఇది ఆరంభం మాత్రమే.

సమ్మతి

సికిల్ సెల్ వంటి వ్యాధుల్లో పరీక్షలకు ముందుగా వచ్చేది ఆదివాసులు. వారి విషయంలో సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టే కాదన్న పాఠం తెలుగు నేల మీదే ఉంది. 2009-10లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదరలోను బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం జరిగింది. కొందరు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు. అయితే ఖమ్మంలో అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేసినట్టు బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఔషధ పరీక్షల నియమాలు తరువాతి ఏళ్లలో కఠినమయ్యాయి.

జన్యు సవరణలో ఈ బరువు ఇంకా పెరుగుతుంది. చేసిన మార్పును వెనక్కి తీసుకోలేరు. అమెరికాలో ఇలాంటి చికిత్స పొందినవారిని 15 ఏళ్లపాటు గమనించాలన్న నియమం ఉంది. పరీక్షా కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉండే కుటుంబాన్ని అన్నేళ్లు ఎవరు, ఏ ఖర్చుతో గమనిస్తారన్నది సమ్మతి పత్రంలోనే ఉండాల్సిన విషయం. గోండి, కోయ, కువి మాట్లాడేవారికి ఆ పత్రం తెలుగులో ఉన్నా పరాయిదే.

వంశపారంపర్య సవరణ

2015లో గ్వాంగ్‌ఝౌలోని సున్ యట్-సెన్ విశ్వవిద్యాలయ బృందం మానవ పిండాలపై తొలి ప్రయోగాన్ని ప్రచురించింది. అవి బిడ్డగా ఎదగలేని పిండాలు. 2018 నవంబరులో హాంకాంగ్‌లో మానవ జన్యు సవరణపై రెండో అంతర్జాతీయ శిఖరాగ్ర సదస్సు జరిగే వేళకు, చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయి సీసీఆర్5 జన్యువును సవరించిన కవలలు పుట్టారని ప్రకటించారు. హెచ్ఐవీ సోకకుండా చేయడం ఉద్దేశమన్నారు. పుట్టబోయే పిల్లలకు ఆ వైరస్ అంటకుండా చూసే తేలిక పద్ధతులు అప్పటికే ఉన్నాయి. కాబట్టి చికిత్స అవసరమన్న వాదన నిలబడలేదు. 2019 డిసెంబరులో చైనా కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా విధించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం 2021 జులైలో పాలనా చట్రాన్ని ప్రకటించింది. వంశపారంపర్య సవరణ ప్రస్తుతానికి ఆమోదయోగ్యం కాదని 2023 మార్చిలో లండన్‌లో జరిగిన మూడో సదస్సు మళ్లీ చెప్పింది.

వైకల్యమున్నవారి ఉద్యమాల నుంచి వచ్చే విమర్శ వేరు. ఏ లక్షణాన్ని దిద్దాలో వైద్యులు, తల్లిదండ్రులే తేల్చడం ఇప్పుడు బతికి ఉన్నవారి విలువనే ప్రశ్నిస్తుందని వారంటారు. భారత్‌లో సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియాలను వైకల్యమున్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం వైకల్యాలుగా గుర్తించింది. ఆ హక్కులు అమలు కావడమే ముందు కావాలన్నవారున్నారు. లింగనిర్ధారణను నిషేధించడానికి 1994లో చట్టం తేవలసి వచ్చిన దేశంలో, మేనిరంగు వంటి లక్షణాల ఎంపిక ఊహాగానం మాత్రమే అని కొట్టిపారేయడం కష్టం. అలాంటి లక్షణాలను అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి ఇప్పటి పరిజ్ఞానంతో అది సాధ్యం కాదన్నదీ నిజమే.

వరి వంగడాలు (చూ. సాంబ మసూరి, కాటన్ దొర సన్నాలు)

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణతో రూపొందిన రెండు వరి వంగడాలను ప్రకటించారు. రెండింటికీ మూలం తెలుగు నేలపై పుట్టిన రకాలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, మరో పేరు కమల, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి వచ్చింది. రైతులు బీపీటీ అని పిలిచే రకం అదే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1కు మూలం మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010.

కమలలో సీకేఎక్స్2 జన్యువును సవరించారు. ఆ జన్యువు సైటోకైనిన్ అనే వృద్ధి హార్మోన్‌ను తగ్గిస్తుంది. దాని పని మందగిస్తే కంకికి గింజలు పెరుగుతాయి. పరీక్షల్లో సగటు దిగుబడి హెక్టారుకు 5.37 టన్నులనీ, సాంబ మసూరిది 4.5 టన్నులనీ భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. పంటకాలం సుమారు 20 రోజులు తక్కువ. అంటే సాగునీరు ఆదా అవుతుంది, కాలువల కింద రెండో పంటకు వెసులుబాటు దొరుకుతుంది. పూసా రకంలో డీఎస్‌టీ జన్యువును సవరించారు. అది బెట్టను, చౌడును తట్టుకుంటుందంటారు.

2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ, వేరే జీవి డీఎన్‌ఏ మిగలని ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 తరగతుల మొక్కలను 1989 నాటి జన్యుమార్పిడి (జీఎం) నియమాల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న వాటి నుంచి మినహాయించింది. వేరే జన్యువును చేర్చే ఎస్‌డీఎన్-3కు పాత నియమాలే వర్తిస్తాయి. ఆ నియమాల కింద బీటీ పత్తి 2002లో అనుమతి పొందగా, బీటీ వంకాయ 2010లో నిలిచిపోయింది. జీఎం ఆవాలపై సుప్రీంకోర్టు 2024లో భిన్న తీర్పులిచ్చింది. కమల ఈ దారిలో నడవక్కర్లేకపోయింది. సహజ ఉత్పరివర్తనకూ దీనికీ తేడా లేదన్నది మినహాయింపును సమర్థించేవారి మాట. జీఎం వ్యతిరేక సంఘాలు ఆ మినహాయింపునే తప్పుబట్టాయి, క్షేత్ర పరీక్షల గణాంకాలనూ ప్రశ్నించాయి. మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఇలాంటి సవరణను పరీక్షలో పట్టుకోవడం కష్టం. అందువల్ల లేబుల్ వేయడం, సవరించిన పంట వద్దనే కొనుగోలుదారుకు వేరుగా ఇవ్వడం రెండూ చిక్కే. ఐరోపా న్యాయస్థానం 2018లో ఇలాంటి పంటలను జీఎం పంటలుగానే లెక్కించింది. అర్జెంటీనా 2015లోనే భిన్నమైన దారి ఎంచుకుంది. జపాన్‌లో 2021 నుంచి సవరించిన టమాటా అమ్ముతున్నారు.

జన్యు ప్రేరకాలు

సవరణ తనంతట తాను సంతతిలో వ్యాపించేలా చేసే ఏర్పాటును జన్యు ప్రేరకం లేదా జీన్ డ్రైవ్ అంటారు. మలేరియా దోమలపై దీన్ని వాడాలన్న ప్రయత్నాలు పరిశోధన దశలో ఉన్నాయి. దోమకు సరిహద్దు లేదు కాబట్టి ఒక గ్రామం, ఒక దేశం ఒప్పుకుంటే చాలదు. టార్గెట్ మలేరియా పథకం 2019లో బుర్కినా ఫాసోలో జన్యుమార్పిడి చేసిన, జీన్ డ్రైవ్ లేని వంధ్య మగ దోమలను వదిలింది. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆ పథకాన్ని నిలిపివేసింది.

పేటెంట్లు, చట్టాలు

క్రిస్పర్ మూల పేటెంట్లపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కూ అమెరికాలో దీర్ఘకాలంగా వివాదం నడుస్తోంది. 2022లో పేటెంట్ కార్యాలయ మండలి బ్రాడ్ వైపు తీర్పిచ్చింది. 2025 మేలో అప్పీలు కోర్టు దాన్ని పునఃపరిశీలనకు తిప్పిపంపింది. పరిశోధనకు చాలావరకు ఉచితంగా వాడుకోనిచ్చే ఈ సంస్థలు వాణిజ్యానికి మాత్రం లైసెన్సు అడుగుతాయి. కమల విషయంలోనూ, విత్తనం మార్కెట్‌కు వచ్చేనాటికి ఈ లైసెన్సుల ఖర్చు ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న రైతు సంఘాల నుంచి వచ్చింది.

భారత పేటెంట్ చట్టంలోని 3(జె) సెక్షన్ ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంటు ఇవ్వరు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకునే, తిరిగి వేసుకునే, మార్చుకునే హక్కు ఇస్తుంది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదు. సవరణకు వాడిన ప్రక్రియ మీది పేటెంటు విత్తనం మీదికి ఎంతవరకు పాకుతుందన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి.

మానవ వైద్యంలో భారత వైద్య పరిశోధన మండలి 2019లో ఇచ్చిన జన్యుచికిత్స మార్గదర్శకాలు వంశపారంపర్య సవరణను నిషేధిస్తున్నాయి. 2017 నాటి మూలకణ మార్గదర్శకాలదీ అదే వైఖరి. ఐరోపాలో 1997 నాటి ఒవియెడో ఒప్పందపు 13వ అధికరణం దానిపై సంతకం చేసి ఆమోదించిన దేశాలపై చట్టబద్ధంగా నిషేధం పెడుతుంది. భారత్‌లోని నిషేధానికి మార్గదర్శకాలే ఆధారం. మానవ జన్యు సవరణ కోసమంటూ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు.